చేతి సహాయం లేని రాయికి మీ సంతకం ఎందుకు?

బాపట్ల జిల్లాలోని ఒక గ్రామం నుంచి నలభై మూడేళ్ల ఉపాధ్యాయిని ఒకరు, పేరు వేయవద్దని కోరుతూ పదకొండు పేజీల ఉత్తరం రాశారు. ఆమె పుట్టి పెరిగింది లూథరన్ సంఘంలో. పదిహేనేళ్లుగా అక్కడే సండే స్కూలు చెబుతున్నారు. భర్త విద్యుత్ శాఖలో ఉద్యోగి. ఆయన తమ్ముడు 2021 మే నెలలో కోవిడ్‌తో పోయాడు. ఆ తరువాత ఆయన పక్క పట్నంలోని ఒక స్వతంత్ర సహవాసానికి వెళ్లడం మొదలుపెట్టి, ఇప్పుడు ఆదివారాలే కాక వారంలో మరో మూడు రాత్రులు అక్కడే గడుపుతున్నారు. దానియేలు గ్రంథం రెండవ అధ్యాయంలో బబులోను రాజు నెబుకద్నెజరు కలలో చూసిన ప్రతిమకు (బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి పొట్ట, ఇనుప కాళ్లు, ఇనుమూ మట్టీ కలిసిన పాదాలు; చివరికి ఒక రాయి దాన్ని పగులగొట్టి పర్వతమవుతుంది) ఉన్న పది కాలివేళ్లు ఐరోపాలో లేవబోయే పది రాజ్యాలనీ, వాటిని పగులగొట్టే రాయి తమ సహవాసమేననీ, మిగిలిన పాత సంఘాలన్నీ ప్రకటన గ్రంథంలో నాశనం కాబోయే బబులోననీ, వాటిలో ఉన్నవారు సంఘము పరలోకానికి ఎత్తబడే దినాన విడిచిపెట్టబడతారనీ అక్కడి బోధకుడు చెబుతున్నాడు. కొండల దగ్గర స్థలం కొని ‘ఆశ్రయపురం’ కట్టడానికి విశ్వాసులు ఆస్తులు అమ్మి ఇవ్వాలన్నది ఆయన పిలుపు. భర్త ఇవ్వదలచుకున్నది, పెళ్లినాడు ఆమె తండ్రి ఆమె పేర రాసిన ఎకరం ఇరవై సెంట్ల మాగాణి. క్రీస్తు రెండవ రాకడ దగ్గరపడిందంటూ ఆయన కూతురి సంబంధాలు చూడడం కూడా మానేశారు.

మరోపక్క ఆమె తండ్రి, డెబ్బై ఆరేళ్ల సంఘపెద్ద, ఆ రాయి సంఘమేనని, రోమా సామ్రాజ్యం క్రైస్తవ్యానికి తలవంచిన నాడే ఆ ప్రవచనం నెరవేరిందని, ఇక అందులో వెతకవలసింది ఏమీ లేదని, తల్లిసంఘాన్ని విడిచినవాడు దేవుని రాజ్యాన్నే విడిచాడని అంటున్నారు. అల్లుడు మారకపోతే కూతురు పుట్టింటికి వచ్చేయాలన్నది ఆయన తీర్పు. ఆమె అడిగినవి ఇవి: ఇద్దరిలో ఎవరి వ్యాఖ్యానం సరైనది? సంతకం పెట్టనంటే, భర్తకు లోబడమన్న వాక్యాన్ని మీరినట్టా? భర్త మాటిమాటికీ గుర్తుచేసే, పొలం అమ్మిన డబ్బు దగ్గర అపొస్తలుల ఎదుట పడి చనిపోయిన అననీయ సప్పీరా దంపతుల గతి తనకూ పడుతుందా? వచ్చే నెల మొదటి ఆదివారం సండే స్కూలులో దానియేలు రెండవ అధ్యాయమే పాఠం. పిల్లలకు ఏమని చెప్పాలి?

అమ్మా,

మీరు అడిగిన వరుసలో కాకుండా సంతకం సంగతి ముందు చెబుతాను. తక్కినవి ఆలస్యమైనా నష్టం లేదు, అది మాత్రం ఒకసారి జరిగితే వెనక్కి రాదు. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఒకరి ఆస్తిలో మరొకరికి హక్కు పుట్టదు. ఆ పొలం మీది. మీరు రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి వేలిముద్ర వేయకుండా దాన్ని ఎవరూ అమ్మలేరు. కనుక రాత్రిపూట మిమ్మల్ని నిద్రపోనివ్వని ఆ తొందర, నిజానికి మీ ఇంటి గడప లోపల పుట్టింది కాదు. బయటి నుంచి తెచ్చి పెట్టింది.

ఇక సప్పీరా. అపొస్తలుల కార్యములు అయిదవ అధ్యాయాన్ని మీ భర్త ఉదాహరిస్తున్నారు గనుక, దాన్ని ఇద్దరూ కూర్చుని నాలుగవ వచనం దగ్గర ఆగి చదవండి. పొలం అమ్మకముందు అది నీదే కదా, అమ్మిన తరువాత కూడా ఆ డబ్బు నీ వశంలోనే ఉంది కదా అని పేతురే అననీయను అడుగుతాడు. అమ్మకపోవడం అక్కడ తప్పుగా లెక్కకు రాలేదు. కొంత దాచుకుని అంతా ఇచ్చినట్టు అబద్ధమాడడం తప్పయింది. సప్పీరా విషయం ఇంకా గమనించదగినది: ఆమె మీదికి వచ్చిన నేరం భర్త మాట కాదన్నందుకు కాదు, భర్తతో ఏకీభవించినందుకు. ‘మీరెందుకు ఏకీభవించితిరి’ అని పేతురు అడిగిన ప్రశ్న ఆ అధ్యాయంలో స్పష్టంగా ఉంది. మీకు ఇష్టం లేకపోయినా ఇష్టమైనట్టు సంతకం పెట్టి, కానుక అని పేరు పెట్టడం ఆ కథకు దూరమా దగ్గరా అన్నది మీరే ఆలోచించండి.

ఇప్పుడు ప్రతిమ దగ్గరికి వద్దాం. దానియేలు గ్రంథం కొన్నిచోట్ల తానే పేర్లు చెబుతుంది, కొన్నిచోట్ల చెప్పదు. వ్యాఖ్యాన కలహాలన్నీ ఆ చెప్పని చోట్లలోనే పుట్టాయి. బంగారు శిరస్సు నెబుకద్నెజరేనని రెండవ అధ్యాయం చెబుతుంది. ఎనిమిదవ అధ్యాయంలోని రెండు కొమ్ముల పొట్టేలు మాదీయుల, పారసీకుల రాజులనీ, మేకపోతు గ్రేకుల రాజనీ దేవదూతే విప్పి చెబుతాడు. ఇనుప కాళ్లు ఎవరివో మాత్రం ఎక్కడా పేరు లేదు. మూడవ శతాబ్దంలో హిప్పొలిటసు, అయిదవ శతాబ్దపు ఆరంభంలో జెరోము అనే సంఘపండితులు వాటిని రోము అన్నారు. సంఘంలో ఎక్కువ కాలం నిలిచిన వ్యాఖ్యానం అదే. మాదీయులను, పారసీకులను వేర్వేరు రాజ్యాలుగా లెక్కించి, నాలుగవది గ్రీకు రాజ్యమని, ఏడవ అధ్యాయంలో నాలుగవ మృగానికి మొలిచే చిన్న కొమ్ము క్రీ.పూ. 167లో యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేసిన సిరియా గ్రీకు రాజు నాలుగవ అంతియొకసు అని చెప్పే పండితులు నేడు చాలామంది ఉన్నారు. ఇనుము మట్టితో కలిసినట్టు వివాహాల వలన కలిసినా పొసగరన్న మాటను వారు ఈజిప్టు, సిరియా గ్రీకు రాజవంశాల మధ్య జరిగిన పెళ్లిళ్లకు అన్వయిస్తారు. రెండు పక్షాలలోనూ భక్తిగల విశ్వాసులు ఉన్నారని మాత్రం మరచిపోవద్దు.

కాలివేళ్లు పది అని రెండవ అధ్యాయం చెప్పదు. బైబిలు తెరిచి చూడండి. వేళ్లు కొంత ఇనుము, కొంత మట్టి అని మాత్రమే ఉంది. మనిషి కాళ్లకు పది వేళ్లుంటాయి కదా అని మనం లెక్క వేసుకున్నాం, అంతే. పది అన్న సంఖ్య ఏడవ అధ్యాయంలో నాలుగవ మృగం కొమ్ములకు ఉంది. ఆ రెంటినీ కలిపి, రోము కూలిన తరువాత వందల ఏళ్ల ఖాళీ ఉంచి, చివరి దినాలలో పది రాజ్యాలు మళ్లీ లేస్తాయని చదివే పద్ధతి పంతొమ్మిదవ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ వంటి వారి బోధలతో బలపడి, 1909లో వెలువడిన స్కోఫీల్డ్ నోట్సు బైబిలుతో ప్రపంచమంతా పాకింది. డార్బీ తిరిగిన సహోదర (బ్రదరన్) ఉద్యమానికి చెందిన బౌడెన్, బీర్ కుటుంబాలు 1836లోనే మన గోదావరి డెల్టాకు వచ్చి నరసాపురం ప్రాంతంలో పనిచేశాయి గనుక ఆ వర్గం మనకు పరాయిది కాదు, దాని నుంచి మనవాళ్లు పొందిన మేలూ తక్కువ కాదు. ఆ వ్యాఖ్యానం ఒక వ్యాఖ్యానం. దాన్ని నమ్మేవారిని అవిశ్వాసులు అనకూడదు, నమ్మనివారిని బబులోను అనీ అనకూడదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1981 జనవరి 1న గ్రీసు దేశం ఐరోపా ఆర్థిక సమాజంలో పదవ సభ్యురాలిగా చేరింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆ నెలలోనే ఒక మహాసభలో, పది పూర్తయ్యాయి, ఇక గంట కొట్టడమే తరువాయి అని ప్రసంగీకుడు చెబితే, నేను ఇంటికి వచ్చి ఆరడుగుల గుడ్డ మీద ప్రతిమ గీసి, ఒక్కో వేలి మీద ఒక్కో దేశం పేరు రాసి, ఊరూరా తిప్పాను. 1986లో స్పెయిను, పోర్చుగలు చేరి పన్నెండయ్యాయి. పన్నెండు వేళ్ల మనిషిని ఎలా గీయాలో తెలియక ఆ పటం చుట్టి అటక మీద పెట్టాను. ఇప్పుడు ఆ కూటమిలో ఇరవై ఏడు దేశాలున్నాయి. బ్రిటను చేరి, 2020లో బయటికి కూడా వెళ్లిపోయింది. నన్ను ఎక్కువగా బాధించింది లెక్క తప్పడం కాదు. ఆ అయిదేళ్లలో ఎవరూ వచ్చి, అబ్బాయీ, నీ మాట విని మా కుర్రవాడు కాలేజీ మానేశాడు, దానికేమంటావు అని అడగలేదు. అడగవలసినవారు ఒకరిద్దరు ఉన్నారని నాకు తెలుసు.

మీ నాన్నగారికి ఈ కథ వినిపిస్తే చూశావా అని సంతోషిస్తారేమో. ఆయనకూ చెప్పవలసినది ఉంది. రోము తలవంచినప్పుడే రాయి పర్వతమైందన్న మాట కొత్తది కాదు. యూసేబియసు అనే సంఘ చరిత్రకారుడు 336లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఎదుట చేసిన స్తుతి ప్రసంగంలో, ‘మహోన్నతుని పరిశుద్ధులు రాజ్యాధికారము నొందుదురు’ అన్న దానియేలు ఏడవ అధ్యాయపు మాటను చక్రవర్తి కొడుకుల పట్టాభిషేకాలకు అన్వయించాడు. డెబ్బై అయిదేళ్లు తిరగకముందే, 410లో, గోతు జాతి నాయకుడు అలరికు సైన్యం రోము నగరాన్ని కొల్లగొట్టింది. క్రైస్తవ సామ్రాజ్యమే దేవుని రాజ్యమని నమ్మినవారు దిక్కుతోచక నిలబడ్డారు. ఆ కలత నుంచే అగస్టీను బిషపు 413 మొదలు 426 వరకు కూర్చుని ‘దేవుని నగరం’ అనే తన పెద్ద గ్రంథం రాశాడు. సంఘం ఇప్పుడే క్రీస్తు రాజ్యమని ఆయన ఒప్పుకుంటాడు. అయితే అందులో గోధుమలతో పాటు గురుగులు కూడా ఉన్నాయనీ, కోతకాలం దాకా వేరుచేయడం మన పని కాదనీ వెంటనే చెబుతాడు. మీ నాన్నగారు మొదటి సగం పట్టుకున్నారు.

ఆయన లూథరన్ గనుక ఇంకొకటి. 1524 జూలైలో ఆల్‌స్టెట్ కోటలో థామస్ ముంట్‌సర్ అనే బోధకుడు సాక్సనీ పాలకుల ఎదుట సరిగ్గా ఈ రెండవ అధ్యాయం మీదనే ప్రసంగించాడు. రాయి కదిలిందనీ, రాజులు కత్తి దూసి భక్తిహీనులను నరకకపోతే ఆ కత్తి వారి చేతుల నుంచి తీసివేయబడుతుందనీ హెచ్చరించాడు. పది నెలల తరువాత ఫ్రాంకెన్‌హౌసెన్ దగ్గర, ఆయన్ను నమ్మి నిలిచిన రైతులు వేలమంది చనిపోయారు. ఆయన తలా తెగింది. ఆ ప్రసంగం విన్నవారిలో ఇరవై ఒక్కేళ్ల యువరాజు జాన్ ఫ్రెడరిక్ ఉన్నాడు. 1530లో లూథరు దానియేలు గ్రంథాన్ని జర్మనులోకి అనువదించి ముందుగా అచ్చు వేయించి, అదే యువరాజుకు అంకితమిచ్చాడు. ఎందుకు ముందుగా అంటే, లోకాంతం ఎంత దగ్గరకు వచ్చిందో, బైబిలంతా పూర్తయ్యేలోగా వచ్చేస్తుందేమోనన్న తొందర ఆయనకూ ఉంది. ముందు ఏడాదే తురుష్క సైన్యం వియన్నాను ముట్టడించింది. ఏడవ అధ్యాయంలోని చిన్న కొమ్ము తురుష్కుడేనని లూథరు రాశాడు. అంతటివాడు కూడా తన కాలపు వార్తలను ఆ అధ్యాయంలో చదువుకున్నాడు. లోకాంతం రాలేదు, బైబిలు 1534లో పూర్తయింది. అదే 1530లో లూథరన్లు చక్రవర్తికి సమర్పించిన ఔగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం పదిహేడవ అంశంలో, మృతుల పునరుత్థానానికి ముందే భక్తులు లోకరాజ్యాన్ని చేజిక్కించుకుంటారన్న బోధను తిరస్కరించారు. మీ నాన్నగారి బీరువాలో ఆ పుస్తకం ఉండే ఉంటుంది. అది ఆయన అల్లుడు వెళ్లే సహవాసానికి ఎంత వర్తిస్తుందో, సంఘం గెలిచేసింది అనే మాటకూ అంతే వర్తిస్తుందని ఆయనకు నెమ్మదిగా చూపించవచ్చు.

ఇలా చూస్తే మీ ఇంట్లో తగవు పడుతున్న ఇద్దరూ ఒకే చోట నిలబడి ఉన్నారని నాకు అనిపిస్తోంది. ఒకరు రాయి మా సహవాసం అంటున్నారు, ఒకరు మా సంఘం అంటున్నారు. వచనం మాత్రం ఆ రాయి ‘చేతి సహాయము లేక’ తీయబడింది అంటుంది. ఆ ప్రతిమలో బంగారం, వెండి, ఇత్తడి, ఇనుము, మట్టి, అన్నీ చేతులు పడినవే, పోతపోసినవే. ఒక్క రాయి మీదనే ఏ చేయీ పడలేదు. నలభై నాలుగవ వచనంలో రాజ్యాన్ని స్థాపించేది పరలోకమందున్న దేవుడు. ఏడవ అధ్యాయంలో కూడా మనుష్యకుమారుని పోలిన వానికి ప్రభుత్వం మహావృద్ధుని సన్నిధిలో ఇవ్వబడుతుంది. ఆయన వలన పరిశుద్ధులు దాన్ని పొందుతారు, గెలుచుకోరు, కట్టరు, కొనరు. నా మట్టుకు నేను రాయి క్రీస్తు రాజ్యమని, అది ఆయన మొదటి రాకడలో మొదలై రెండవ రాకడలో పూర్ణమవుతుందని, సంఘం ఆ రాజ్యానికి సాక్షియే తప్ప యజమాని కాదని చదువుతాను. ఈ పఠనంలో కూడా తప్పు ఉండవచ్చు. కానీ ఎవరైనా వచ్చి ఆ రాయి కదలాలంటే మీ దస్తావేజు మీద మీ చేయి పడాలి అంటే, వచనం సరిగ్గా వద్దన్న చోటే ఆయన చేయి పెడుతున్నాడని చెప్పడానికి నాకు సందేహం లేదు.

మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫసు ఈ కలనంతా తన గ్రంథంలో వివరించి, రాయి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. నేను జరిగినవి, జరుగుతున్నవి రాస్తానే గాని జరగబోయేవి కాదు, కావలసినవారు దానియేలు గ్రంథమే చదువుకోండి అన్నాడు. రోము చక్రవర్తుల ఆదరణలో బతుకుతూ రాసినవాడు గనుక ఆ మౌనంలో భయం కూడా ఉండి ఉంటుంది. ఆ జాగ్రత్త మనవాళ్లకు కొంచెం అబ్బితే బాగుండునని అప్పుడప్పుడు అనుకుంటాను.

బబులోను గురించి ఎక్కువ చెప్పను. ప్రకటన గ్రంథం ఆసియాలోని, అంటే నేటి టర్కీ ప్రాంతంలోని, ఏడు సంఘాలకు రాసిన పుస్తకం. పదిహేడవ అధ్యాయంలోని స్త్రీ ఏడు కొండల మీద కూర్చున్నదంటే ఆనాటి వినేవారికి రోము తప్ప మరొకటి తోచదు. పద్దెనిమిదవ అధ్యాయంలో ఆమె సరుకుల జాబితా చూడండి: బంగారం, ముత్యాలు, ఊదారంగు బట్టలు, దాల్చినచెక్క, రథాలు, చివరికి మనుషుల ప్రాణాలు. రేకుల కప్పు, నాలుగు ఫ్యాన్లు, ఒక పాత హార్మోనియం ఉన్న మీ పల్లె చర్చిని ఆ జాబితాలో ఎక్కడ ఇరికించాలో నాకు తెలియదు. ‘ఆశ్రయపురం’ అన్న పేరు కూడా మీ భర్తతో ఒకసారి సంఖ్యాకాండము ముప్పై అయిదవ అధ్యాయంలో చూపించండి. పొరపాటున మనిషిని చంపినవాడు పగవాని చేతికి చిక్కకుండా పరుగెత్తి చేరుకోవడానికి ధర్మశాస్త్రం ఏర్పరచిన ఊళ్లవి. రాకడ కోసం స్థలం కొని కట్టుకున్నవి కావు.

రాజ్యాలు కూలే కాలంలో పొలం ఏం చేయాలి అన్న ప్రశ్నకు బైబిలులో నేరుగా ఒక సంఘటన ఉంది. యిర్మీయా ముప్పై రెండవ అధ్యాయం. క్రీ.పూ. 587 ప్రాంతం, బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టి ఉంది, పట్టణం పడిపోతుందని చెప్పినందుకు ప్రవక్త చెరసాలలో ఉన్నాడు. ఆ సమయంలో పినతండ్రి కొడుకు వచ్చి అనాతోతులోని పొలం కొనమంటే, యిర్మీయా పదియేడు తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, దస్తావేజును మట్టికుండలో భద్రపరచమని తన లేఖకుడు బారూకుకు అప్పగించాడు. అంతం దగ్గరకు వచ్చిందని అందరికంటే బాగా తెలిసినవాడు పొలం అమ్మలేదు, కొన్నాడు. దానియేలు కూడా అంతే: ఎనిమిదవ అధ్యాయపు దర్శనం చూసి మూర్ఛపోయి, కొన్నాళ్లు జబ్బుపడి, తరువాత లేచి రాజు కొలువులో తన పనికి వెళ్లాడు. మీ భర్తకు నాలుగు రాత్రుల ప్రార్థనల తరువాత సబ్‌స్టేషను డ్యూటీ భారంగా ఉందని రాశారు కదా. ఈ వచనం ఆయనకు ఎత్తిపొడుపుగా కాక తోడుగా వినిపించేలా చదవండి.

మీ ఎదుట ఉన్న దారులు నాకు కనిపించినంతలో ఇవి. సంతకం పెట్టను అని సూటిగా చెప్పడం ఒకటి. దాని వలన పొలం నిలుస్తుంది. ఇంట్లో కొన్ని నెలలు మాటలు ఉండకపోవచ్చు, సహవాసంలో మీ పేరు చెడవచ్చు, ఆయన పొలానికి బదులు తన పీఎఫ్ మీదకు వెళ్లే ప్రమాదమూ ఉంది, దాన్ని ముందే మాట్లాడుకోవాలి. తర్వాత చూద్దాంలే అని దాటవేయడం రెండవది. మీరు ఇప్పటిదాకా చేస్తున్నది అదే. అది నెమ్మదిగా కనిపిస్తుంది గాని, ఆయన దాన్ని ఒప్పుకోలుగా లెక్కవేసుకుని అక్కడ మాట ఇచ్చేశారని మీ ఉత్తరంలోనే ఉంది. ఇంకా సాగదీస్తే ఆయన పదిమందిలో అబద్ధికుడవుతారు, ఆ నింద మీ మీదకు వస్తుంది. సంతకం పెట్టడం మూడవది. అలాగే నిర్ణయించుకుంటే, కనీసం ఆ స్థలం ఎవరి పేర కొంటున్నారు, అది రిజిస్టరు అయిన సంస్థ పేరా లేక వ్యక్తి పేరా, లెక్కలు ఎవరు చూస్తారు అని రాతపూర్వకంగా అడగండి. అడిగినందుకు కోపం వస్తే, ఆ కోపమే మీకు జవాబు. కానీ ఆ పొలం మీద ఆశ పెట్టుకున్న కూతురి పెళ్లి, కొడుకు చదువు సంగతి అప్పుడు ఏమవుతుందో కాగితం మీద అంకెలు వేసి చూసుకున్నాకే సంతకం పెట్టండి.

నాకు నచ్చిన దారి ఈ మూడింటి మధ్యలోంచి వెళుతుంది: పొలం అమ్మనని స్పష్టంగా చెప్పి, ఆయన జీతంలోంచి ఆయనకు ఇష్టమైన చోట నెలకు ఇంత ఇచ్చుకునే స్వేచ్ఛను వాదం లేకుండా ఒప్పుకోవడం. ఇల్లు గడవడానికి అడ్డురాని ఒక మొత్తం ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. దీని వలన ఆయన భక్తిని మీరు అవమానించినట్టు ఉండదు. ఆ మొత్తం పెంచమని ఒత్తిడి రావచ్చు. వచ్చినప్పుడు మళ్లీ మాట్లాడుకోవలసిందే. లోబడడం గురించి మీరు అడిగారు. ఎఫెసీ అయిదవ అధ్యాయం ఆ మాట చెప్పకముందు ఒక వచనం వెనక్కి వెళితే, ఒకరికొకరు లోబడమని అందరికీ చెబుతుంది. భర్త మనస్సాక్షికి విరోధంగా మీరు ఆయన్ను నడిపించకూడదు. మీ మనస్సాక్షికి విరోధంగా ఆయనా మిమ్మల్ని నడిపించకూడదు. కూతురి పెళ్లి సంగతిలో మాత్రం ఇంత మెత్తదనం అక్కరలేదు. ఆమెకు ఇరవై రెండేళ్లు, అడగవలసింది ఆమెను. రాకడ దగ్గరకు వచ్చిందని పనులు మానుకున్నవారికి పౌలు థెస్సలొనీకకు రాసిన రెండవ ఉత్తరం మూడవ అధ్యాయంలో చెప్పిన మాట, పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదన్నది, మీ భర్తకు కంఠతా వచ్చి ఉంటుంది.

పుట్టింటికి వెళ్లిపోవడం నాలుగవ దారి అని మీ నాన్నగారు అంటున్నారు. కొట్టడం, తిట్టడం, భయపెట్టడం ఉంటే నేనే వెళ్లమంటాను; అవేవీ లేవని మీరే రాశారు. వ్యాఖ్యానం కుదరలేదని కాపురం వదిలితే, ఆ సహవాసంలో చెప్పే బబులోను కథకు మీరే ఒక సాక్ష్యం అందించినట్టవుతుంది.

మీ ఉత్తరం తొమ్మిదవ పేజీలో, మరిది ఆక్సిజను కోసం మూడు ఆసుపత్రులు తిరిగిన రాత్రి కారు నడిపింది మీ భర్తేనని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. తమ్ముణ్ని కాపాడుకోలేని మనిషికి, లోకంలో ఇకముందు జరగబోయేదంతా వరుసగా, అంకెలతో సహా చెప్పగలనన్న మనిషి ఎదురయ్యాడు. ఆయన పట్టుకున్నది పది వేళ్లను కాదేమో. ఆ రాత్రి గురించి మీ ఇద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకున్నారా? మాట్లాడుకోకపోతే, దానియేలు కంటే ముందు అది మొదలుపెట్టండి. మీ పాస్టరు గారు సమాధి దగ్గర తప్ప ఆ ఇంటికి మళ్లీ రాలేదని కూడా రాశారు. ఆ మాట ఆయనతో మీరే అనండి. ఆ సహవాసం వాళ్లు మాత్రం నలభై రోజులు భోజనం పంపారట. ఎంత తప్పు వ్యాఖ్యానం చెప్పినా, ఆ అన్నం నిజం. మీ భర్తతో మాట్లాడేటప్పుడు దాన్ని ముందుగా ఒప్పుకుని మొదలుపెడితే, తక్కినది వినడానికి ఆయనకు చెవి ఉంటుంది.

చివరగా సండే స్కూలు. కల వలన నిద్రపట్టని రాజును, ప్రాణభయంలో ఉన్న జ్ఞానులను, ప్రార్థించిన నలుగురు కుర్రాళ్లను చెప్పండి. పిల్లలకు అది చాలా ఉంది. ప్రతిమను రంగులతో గీయించండి. పుస్తకం పేరు పెట్టిన తలకు పేరు పెట్టండి, పెట్టని కాళ్లకు పెట్టకండి. చురుకైన పిల్లవాడెవడో, రాయి మన చర్చేనా టీచరుగారూ అని తప్పకుండా అడుగుతాడు. కాదు నాన్నా, దాన్ని ఎవరూ చెక్కలేదు, మనమూ చెక్కలేదు, అది దేవుడు పంపింది అని చెప్పి, ముప్పై నాలుగవ వచనం వాడి చేతనే చదివించండి. నా పాత గుడ్డపటం అటక మీద ఇంకా ఉంది. వేళ్ల మీది పేర్లు ఉతికి పంపమంటే పంపుతాను. గ్రీసు పేరు మాత్రం ఎర్ర సిరాతో రాశాను, అది ఎంత ఉతికినా కొంచెం కనబడుతుందేమో.